ఎస్తరుకు చెప్పి పోవాలె

కంఠేశ్వర్ గుడి వెనక గల్లీలో రోజూ పొద్దున ఒక దొంగతనం జరిగేది. దొంగ పేరు రెబెకా. ఎత్తుకుపోయేది పరాయి సొమ్మేమీ కాదు, తనను తానే. ఎనిమిది నెలల కూతురు ఎస్తరు కంట పడకుండా సొంత ఇంట్లోంచి బయటపడి డ్యూటీకి పోవాలి. అంతే పని. ఆ కాస్త పనికి నలుగురు మనుషులు కావలసి వచ్చేవాళ్లు.

రెబెకా చెప్పులు రాత్రే పక్కింటి రుక్మాబాయి గడప ముందుకు చేరేవి. టిఫిన్ డబ్బా, సంచీ వంటింటి కిటికీలోంచి బయటికి పోయేవి. మొగుడు బెన్‌హర్ ఆటో నడుపుతాడు. ఆ ఆటో గుడగుడ ఎస్తరుకు బాగా ఎరుక కాబట్టి ఇంటి ముందు స్టార్ట్ చేయడానికి వీల్లేదు. పాపం, అంత మనిషీ చక్కగా నడిచే ఆటోను మూల మీది కిరాణా దుకాణం దాకా నెట్టుకుంటూ పోయేవాడు. గల్లీకి కొత్తవాళ్లు జాలిపడి ఒక చెయ్యి వేసేవాళ్లు. ఖరాబైందా అన్నా అని అడిగితే ఔననలేక, కాదనలేక నవ్వేవాడు. రుక్మాబాయి గోడ మీదినుంచి తొంగిచూసి, పాప ఇటు చూడటం లేదని తేల్చుకున్నాక ఒకసారి దగ్గేది. ఆ దగ్గు వినపడగానే రెబెకా వెనక తలుపులోంచి ఉత్త కాళ్లతో ఉరికేది.

ఈ పన్నాగమంతా పన్నింది అత్త శారమ్మ. ఆ సమయానికి ఆమె ముందు గదిలో మనుమరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకొని స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతూ, దెబ్బ దెబ్బకూ తల ఊపుతూ ఉండేది. ఎస్తరు నోరు తెరుచుకొని ఆ చెంచానే చూసేది. కాసేపటికి చుట్టూ చూస్తే అమ్మ ఉండేది కాదు.

"సూస్తే ఏడుస్తది, సూడకుంటే మర్సిపోతది. గింతే," అనేది శారమ్మ.

ఆమె ఉత్తగా అనలేదు. ఈ విద్య బోధన్ దిక్కు చెరుకు తోటల్లో నేర్చుకున్నది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆమె, మొగుడు హనోకు కలిసి చెరుకు కొట్టడానికి పోయేవాళ్లు. హనోకు పోయి చాలా ఏండ్లయింది కానీ అప్పటి సంగతులన్నీ ఆమెకు నిన్న మొన్నటివే. చంటిపిల్లవాడు బెన్‌హర్‌ను ఎడ్లబండి కింద పాతచీర ఉయ్యాలలో వేసి, వాడు ఎద్దు మెడలో గంట దిక్కు చూసేదాకా ఆగి, చటుక్కున తోటలోకి జరిగిపోయేది. దాక్కోవడానికి చెరుకంత అనువైన పంట ఇంకోటి లేదు. ఒక్క అడుగు లోపలికి వేస్తే మనిషి ఉన్నదో లేదో దేవునికే ఎరుక. చూస్తుండగా పోతే పిల్లవాడు ఏడుస్తాడు, పిల్లవాడు ఏడిస్తే మేస్త్రి తిడతాడు. ఆనాటి ఆ చెరుకుచాటు పోకడే ఇప్పుడు నిజామాబాద్ గల్లీకి వచ్చింది. చెరుకు లేని లోటు రుక్మాబాయి గోడ తీర్చింది.

రెబెకా బస్టాండు దిక్కున ఒక కంటి దవాఖానలో నర్సు. కాన్పు సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన మొదటి రోజు ఆమె మామూలుగానే, పాప చూస్తుండగానే గడప దాటింది. ఎస్తరు గల్లీ అంతా పోగయ్యేటట్టు ఏడ్చింది. తెల్లారినుంచి శారమ్మ పెత్తనం తీసుకుంది. పొద్దుటి ఏడుపు అణిగింది. కోడలు నిశ్చింతగా డ్యూటీకి పోతున్నదంటే అది తన చలవే అని శారమ్మ ఆదివారం చర్చి మెట్ల మీద నలుగురికీ చెప్పుకుంది కూడా.

కష్టమంతా సాయంత్రం వచ్చింది.

రెబెకా గేటు తీసుకొని లోపలికి వస్తుంది. ఎస్తరు బాపమ్మ శారమ్మ చంకలో ఉంటుంది. తల్లిని చూస్తుంది. గుర్తుపట్టక కాదు, ఆ కళ్లు ఒక్కసారి వెలుగుతాయి. అంతలోనే మొహం తిప్పుకొని శారమ్మ భుజంలో దాచేసుకుంటుంది. రెబెకా చేతులు చాపితే ఒళ్లు బిర్రబిగుసుకుంటుంది. బలవంతాన ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుపడి ఏడుస్తుంది. అంత ఏడుస్తూనే తల్లి చున్నీని మాత్రం పిడికిట్లోంచి వదలదు. రాత్రి నిద్రలో కూడా వదలదు. రెబెకా కాస్త అటు ఒత్తిగిలితే చాలు, ఉలిక్కిపడి లేస్తుంది.

నాలుగు నెలలప్పుడు ఇదే పిల్ల గ్యాస్ బండ తెచ్చినతనికి, కూరగాయల బండి ఆమెకు, చివరికి గోడ మీది క్యాలెండరుకు కూడా బోసినవ్వులు పంచింది. రెబెకా వంక చూసిందంటే కాళ్లూ చేతులూ అన్నీ కలిపి నవ్వేది. అట్లాంటిది ఇప్పుడేమైందో ఎవరికీ అంతుపట్టలేదు. పాలపండ్లు వస్తున్నయేమో అన్నాడు బెన్‌హర్. దిష్టి తగిలిందన్నది రుక్మాబాయి. మా ఇంట్లో అసుంటివి లెవ్వు, ప్రార్థన చేస్తం అన్నది శారమ్మ. అయినా రుక్మాబాయి పాపను తన వంటింట్లోకి ఎత్తుకుపోయి ఉప్పూ మిరపకాయలూ తిప్పేటప్పుడు శారమ్మ గోడ ఇవతల నిలబడి ఆకాశంలోకి చూసింది. ప్రార్థనా అయింది, దిష్టీ అయింది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే. కారణం ఆ ఇంట్లోనే ఉంది.

ఇంకో సంగతి చెప్పకపోతే శారమ్మ గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. పాప తల్లి దగ్గరికి పోక తన మెడ కరుచుకున్నప్పుడల్లా ఆమె పైకి "అట్ల జెయ్యొద్దు బిడ్డ, అమ్మనే గదా" అనేది. లోపల మాత్రం ఒక చిన్న సంబరం. బతుకంతా కూలికి పోయిన మనిషి. తన కొడుకును తాను తనివితీరా ఎత్తుకున్నది లేదు. ఇప్పుడు ఈ పసిది లోకంలో అందరినీ కాదని తననే పట్టుకుంటే ఆ మెత్తని బరువు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం. ఆ సంబరానికి సిగ్గుపడేది. సిగ్గుపడుతూనే ఇంకాస్త గట్టిగా హత్తుకునేది.

ఒక ఆదివారం చర్చినుంచి వచ్చి అన్నాలు తిన్నాక, రెబెకా ఎంగిలి పళ్లెం ముందు నుంచి లేవకుండానే అన్నది.

"దవాఖానల ఎంతెంత మొండి ముసలోళ్లు గూడ నేను సుక్కలేస్తనంటే కండ్లు తెరుస్తరు అత్తమ్మ. నా బిడ్డ నా దిక్కు కన్నెత్తి సూస్తలేదు. నెల కాంగనే డ్యూటీ ఇడిసిపెడుత."

భార్య ఆ ఉద్యోగం ఎంత ఇష్టంగా చేస్తుందో బెన్‌హర్‌కు తెలుసు. శారమ్మ మాత్రం తన సంగతి ఆలోచించుకుంది. కోడలు ఇంట్లో ఉంటే ఇంక తనకు ఇక్కడ పనేముంది? సంచీ సర్దుకొని మళ్లీ ఊరిబస్సు ఎక్కడమే. ఎస్తరు బరువు లేని చంకను ఆమె తలుచుకోలేకపోయింది.

"తొందరపడకు బిడ్డ. సిన్నపోరి, జర అలిగింది. దినాలు గడిస్తే అదే సక్కగైతది," అన్నది.

"అలగనీకి నేనేం జేసిన?" అన్నది రెబెకా. శారమ్మ ఎంగిలి పళ్లేలు తీసుకొని వంటింట్లోకి పోయింది.

ఆ వారంలోనే శారమ్మ అక్క భీమవ్వ ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశ ప్రార్థన పెట్టుకుంది. బోధన్ దాటి పోవాలి, రెండు రోజులు ఉండక తప్పదు. రెబెకా సెలవు పెట్టింది. శారమ్మ పోయేనాడు పొద్దున మళ్లీ అదే నాటకం, పాత్రలు మాత్రం మారాయి. గ్లాసూ చెంచా రెబెకా చేతికి వచ్చాయి. రుక్మాబాయి దగ్గింది. శారమ్మ చెప్పులు చేత్తో పట్టుకొని, ఈ వయసులో వెనక తలుపులోంచి పిల్లిలా జారుకుంది. మూల మీద ఆటో ఎక్కి, "సూసినవా బెన్‌హరూ, సప్పుడే లేదు," అని మురిసింది.

ఊళ్లో రెండు రోజులు ఇట్టే గడిచాయి. పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఆడవాళ్లు పాటలు పాడారు, మాంసం కూర బాగా కుదిరింది. తిరుగు బస్సుకు బయలుదేరుతూ శారమ్మ ఇంటింటికీ పోయి పోయొస్త అక్కా, పోయొస్త వదినా అని చెప్పింది. పోతున్న అని ఎవరమైనా అంటామా? పోయొస్త అంటాం. పోయిరా అని వాళ్లంటారు. ఆ మాట అనకుండా గడప దాటితే దాటినట్టే కాదు. అందరికీ చెప్పి రోడ్డు పట్టబోతుంటే భీమవ్వ కొంగు పట్టి ఆపింది.

"బర్రెకు సెప్పినవా?"

పట్నం రాకముందు భీమవ్వ బర్రెను చూసుకున్నది శారమ్మే.

"పోయినసారి సెప్పకుంట పోయినవు. రెండు పూటలు మ్యాత ముట్టలే, పాలియ్యలే. తొవ్వ దిక్కు సూసుకుంట ఒర్రుడే ఒర్రుడు. సెప్పి పో తల్లీ, నీకు దండం," అన్నది భీమవ్వ.

శారమ్మ నవ్వుకుంటూ కొట్టంలోకి పోయి, బర్రె మెడ నిమిరి, "పోయొస్తనే, మల్ల పండుగకు అస్త," అని చెప్పి మరీ బస్సెక్కింది.

సాయంత్రం నిజామాబాద్‌లో దిగేసరికి ఆమె కాళ్లు నేల మీద లేవు. చేతిలో చెరుకు గడ ముక్క, సంచీలో భీమవ్వ ఇచ్చిన బెల్లం. గేటు దగ్గరినుంచే చేతులు చాపింది.

"ఎస్తరమ్మా! బాపమ్మ అచ్చింది! దా, దా, దా!"

రెబెకా చంకలో ఉన్న ఎస్తరు తలెత్తి చూసింది. కళ్లు వెలిగాయి. శారమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడు ఆ పిల్ల మొహం తిప్పుకొని తల్లి భుజంలో దాచేసుకుంది.

"ఓసి దీని! నేనే బిడ్డ, బాపమ్మను," అంటూ శారమ్మ వెనకనుంచి చుట్టు తిరిగి వచ్చింది. ఎస్తరు మొహం ఇటు తిప్పింది. ఇటు వస్తే అటు తిప్పింది. చెయ్యి తగలగానే ఒళ్లు బిర్రబిగుసుకుంది. చిన్న అరచేత్తో ఆ చేతిని నెట్టేసి, పెదవి విరిచి, ఏడ్చింది. అది కొత్తవాళ్లను చూసి భయపడే ఏడుపు కాదు. ఆ ఏడుపు శారమ్మకు బాగా తెలుసు. రోజూ సాయంత్రం వింటున్నదే. కాకపోతే ఇన్నాళ్లూ చంక అటువైపు నుంచి విన్నది.

దొంగకు తేలు కుట్టినట్టు శారమ్మ కిక్కురుమనకుండా వంటింట్లోకి పోయి స్టూలు మీద కూర్చుంది. చెరుకు ముక్క ఇంకా చేతిలోనే ఉంది. ఇంత చిన్న చెయ్యి నెట్టేస్తే ఇంత దెబ్బ తగులుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ చెరుకు ముక్కనే చూస్తూ కూర్చుంటే బెన్‌హర్ గుర్తొచ్చాడు, చీర ఉయ్యాలలోని బెన్‌హర్. కూలి ముగిసి తోటలోంచి బయటికి వస్తే వాడు కూడా ఇట్లాగే మొహం తిప్పుకునేవాడు. కొడుకు అలిగిండే శారవ్వా అని తోటివాళ్లు నవ్వితే తానూ నవ్వేది. ఏడవలేదు, మర్చిపోయాడు అనుకున్నది. మర్చిపోయింది ఎక్కడ? ఉయ్యాలలోంచి చెరుకు దిక్కే చూస్తుండేవాడని, గాలికి ఆకు కదిలినా తల ఎత్తేవాడని బండివాడు అప్పుడే చెప్పాడు కదా.

రెబెకా పాపను ఎత్తుకొని వచ్చి మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టింది.

"రోజు నీకు గిట్లనే అయితుందా బిడ్డ?" అని అడిగింది శారమ్మ.

"రోజు," అన్నది రెబెకా.

"పక్కనే ఉండి సూసిన గదనే. నన్ను ఇడిసి నీ దగ్గరికి పోతలేదని లోపట్లోపట మురిసిన గూడ. దేవుడు నన్ను మన్నించాలె."

"నాకెరికే అత్తమ్మ," అన్నది రెబెకా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వేశారు. నవ్వుతుంటే శారమ్మకు కన్నీళ్లు కూడా వచ్చాయి. కొంగుతో తుడుచుకొని అన్నది:

"ఊర్ల అందరికి సెప్పొచ్చిన. బర్రెకు గూడ సెప్పొచ్చిన. గీ పిల్లకే సెప్పకుంట పోయిన. నువ్వు గట్లనే, నేను గట్లనే. దానికేమెరుక మనం మల్ల అస్తమని? సెంచా దిక్కు సూసి ఇటు తిరిగేవరకు మనిషి మాయమైతుంది. ఇగ ఎవర్ని నమ్ముతది? గందుకే చున్నీ ఇడుస్తలేదు. రేపటిసంది ఎవ్వరు పోయినా ఎస్తరుకు సెప్పి పోవాలె."

"ఏడుస్తది అత్తమ్మ."

"ఏడ్వనీ. మనం పోతున్నమని ఏడుస్తది, తప్పేమున్నది? నేను పట్టుకుంట."

గోడ మీదినుంచి రుక్మాబాయి గొంతు వినపడింది. ఆమె పుట్టిల్లు మరాఠీ దిక్కు, ఆశ్చర్యం వస్తే ఆ భాషే ముందు వస్తుంది. "అగ బాయీ! అయితే రేపటిసంది నేను దగ్గేది లేదా?"

మరునాడు పొద్దున గల్లీలో చాలా రోజుల తర్వాత ఆ ఆటో ఇంటి ముందే గుడగుడలాడింది. కిరాణా దుకాణం ఆయన బాగైనట్టుంది అనుకున్నాడు. రెబెకా చెప్పులు సొంత గడప ముందే తొడుక్కొని, సంచీ భుజాన వేసుకొని, మోకాళ్ల మీద కూర్చొని కూతురి మొహంలోకి చూసింది. "పోయొస్త బిడ్డ. డ్యూటీకి పోయి పొద్దూకంగ అస్త."

ఎస్తరు సంచీని చూసింది, చెప్పులను చూసింది, ఆటో చప్పుడు విన్నది. అంతే. గల్లీ దద్దరిల్లింది. రెబెకా రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. కళ్ల నిండా నీళ్లు. శారమ్మ తన చేతుల్లో పెనుగులాడుతున్న పిల్లను హత్తుకొని, "పో బిడ్డ, ఆగకు. సెప్పినవు గద, ఇగ పో," అన్నది. బెన్‌హర్ భార్య మొహం చూడలేక హారన్ కొట్టాడు. ఇదేం పద్ధతి, పాత పద్ధతే నయం అన్నది రుక్మాబాయి, పని పోయిన మనిషి కాబట్టి.

ఆ పొద్దంతా శారమ్మ ఎస్తరును మరిపించడానికి గ్లాసు తీయలేదు. "అమ్మ పోయింది, అవును బిడ్డ. మల్లస్తది," అని వీపు నిమురుతూ గల్లీలో తిరిగింది. ఏడుపు ఎంతసేపున్నదో ఆమె చూసుకోలేదు కానీ చివరికి ఆగింది.

సాయంత్రం అద్భుతమేమీ జరగలేదు. ఎస్తరు మళ్లీ మొహం తిప్పుకుంది. మరునాడూ అంతే. నెలాఖరు దగ్గరపడుతున్నది. డ్యూటీ మానేస్తానన్న మాట రెబెకా మళ్లీ ఎత్తలేదు, మరిచిపోనూ లేదు. రాత్రి ప్రార్థనలో శారమ్మ ఊరిలోనివాళ్లందరి పేర్లూ చెప్పి, చివరికి గొంతు తగ్గించి, "ప్రభువా, పోరి తల్లి దిక్కు తిరగాలె. నా దిక్కు తిరగకున్నా మంచిదే," అన్నది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ప్రభువుకు తెలిసే ఉంటుంది.

పగలంతా ఇంట్లో ఒకటే ఆట. శారమ్మ కొంగు మొహం మీద కప్పుకొని, "బాపమ్మ లేదు... బాపమ్మ ఏది?" అనేది. ఎస్తరు బిగుసుకుపోయి చూసేది. కొంగు తీసి "గిదో అచ్చింది!" అంటే మొదట్లో బిక్కమొహం, తర్వాత అనుమానం, ఆ తర్వాత కిలకిల. కొన్నాళ్లకు తానే కొంగు పట్టి లాగసాగింది. వంటింట్లోకి పోతే పోయొస్త, నీళ్లకు పోతే పోయొస్త, స్నానానికి పోతే తలుపు లోపలినుంచి కూడా ఈడనే ఉన్న బిడ్డా అని మాట. అత్తకు పట్నం వచ్చి మర్యాదలు ఎక్కువయ్యాయని రెబెకా నవ్వేది. రుక్మాబాయికి కూడా అలవాటైంది, చెత్త పారేయడానికి పోతూ గోడ మీదినుంచి "పోయొస్త ఎస్తరమ్మా" అని చెప్పి పోయేది.

నెలాఖరు వచ్చింది. ఆ సాయంత్రం శారమ్మ మనుమరాలిని చంకనేసుకొని గేటు దగ్గర నిలబడింది. ఈ రాత్రి రెబెకా ఏదో ఒకటి తేల్చి చెబుతుందని ఆమెకు తెలుసు. మూల మీద ఆటో గుడగుడ వినపడింది. చంకలోని బరువు ఒక్కసారి నిశ్చలమైంది. తర్వాత రెండు చిన్న కాళ్లు శారమ్మ డొక్కలో తన్నడం మొదలుపెట్టాయి.

రెబెకా ఆటో దిగింది. చేతులు చాపలేదు, ఆ ధైర్యం లేదు ఆమెకు. గేటు అవతలే నిలబడి, "అచ్చిన బిడ్డ. సెప్పిన గద, అచ్చిన," అన్నది.

ఎస్తరు తల్లిని చూసింది. పెదవి విరిచింది. గడ్డం కిందికి దిగి శారమ్మ భుజం వైపు కాస్త తిరిగింది. అయిపోయింది, మళ్లీ అంతే అనుకున్నది శారమ్మ. అంతలో ఆ పిల్ల గుక్కపెట్టి ఏడుస్తూ, రెండు చేతులూ చాపి, మొత్తం ఒంటితో ముందుకు దూకింది. శారమ్మ పట్టు తప్పేంత పని అయింది. రెబెకా అందుకుంది. ఎస్తరు తల్లి మెడ చుట్టేసుకొని, పొద్దుటినుంచి దాచిపెట్టుకున్నదంతా చెబుతున్నట్టు ఏడ్చింది. రెబెకా ఆ జుట్టులో మొహం పెట్టుకొని తానూ ఏడ్చింది. బెన్‌హర్ ఆటో ఇంజన్ ఆపడం మరిచిపోయి అట్లాగే చూస్తూ ఉన్నాడు.

శారమ్మ చంక ఖాళీ అయింది. ఆ చోటికి గాలి తగిలి చల్లగా ఉంది. సంతోషమే, దేవుణ్ణి అడిగి తెచ్చుకున్న సంతోషమే. అయినా ప్రాణం చివుక్కుమన్నది.

అప్పుడు కొంగు లాగినట్టయింది. చూస్తే ఎస్తరు ఒక పిడికిట్లో తల్లి చున్నీ ఉంది, రెండో పిడికిట్లో ఇంకా శారమ్మ కొంగు ఉంది. కన్నీళ్ల మొహంతో తల్లి భుజం మీదినుంచి తిరిగి బాపమ్మనే చూస్తున్నది.

శారమ్మ దగ్గరికి జరిగి ఆ పిడికిలి మీద చెయ్యి వేసింది. వేళ్లు విడదీయలేదు.

"పోయిరా బిడ్డ. బాపమ్మ ఈడనే ఉంటది," అన్నది.

ఎస్తరు ఆమె మొహంలోకి కాసేపు చూసి కొంగు వదిలింది.